రంగు లేని తాడు

మా కాలనీలో ఆడవాళ్ళం చిమ్నీకి వీపు పెట్టి బట్టలు ఆరేసేవాళ్ళం. ఇది ఎవరో పెట్టిన నియమం కాదు. దేవసూగూరు దగ్గర కృష్ణ ఒడ్డున కరెంటు ప్లాంటు లేచాక కట్టిన క్వార్టర్సు మావి. మేడ ఎక్కితే చాలు, చిమ్నీలు ఎదురుగా నిలబడి ఉండేవి. వాటి మీద పని పడిన రోజు మగవాళ్ళు పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని మాట్లాడకుండా పోయేవాళ్ళు. ఎప్పుడొస్తావని ఎవరమూ అడిగేవాళ్ళం కాదు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఎవరైనా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తుంటే, పక్కింటామె వచ్చి భుజం పట్టి ఇటు తిప్పేది. "అటు సూడకు, బూడిద కంట్ల పడుతది" అనేది. ఆ పిల్లకు సంగతి అర్థమయ్యేది. మళ్ళీ చూసేది కాదు.

నేనూ అలాగే నేర్చుకున్నాను. మా ఆయన ఖలాసీల గ్యాంగుకు మేస్త్రీ. ఖలాసీలంటే పెద్ద బరువులు ఎత్తి దించేవాళ్ళు, ఎత్తు మీద తాళ్ళు కట్టుకుని పనిచేసేవాళ్ళు. చిమ్నీ కొనకు పోయి ఎర్ర దీపాలు మార్చి రావాలన్నా వాళ్ళే పోవాలి. ఆయన పొద్దున పోతే నేను చిమ్నీకి వీపు పెట్టి బట్టలు పిండేదాన్ని, వీపు పెట్టి బియ్యం ఏరేదాన్ని. సాయంత్రం గేటు చప్పుడైతే అప్పుడు తిరిగేదాన్ని. నేను పిరికిదాన్ని కాదు, మా ఇంట్లో ఎవరినడిగినా చెప్తారు. కానీ ఆ ఒక్క దిక్కుకు మాత్రం మెడ తిరిగేది కాదు.

మా ఆయనకు తాడంటే పిచ్చి. ప్లాంటులో ఒక పద్ధతి ఉండేది. మూడు నెలలకొకసారి ప్రతి తాడునూ, బరువుకు చుట్టి ఎత్తే ప్రతి స్లింగునూ పరీక్ష చేసి, బాగున్నవాటికి ఆ విడతకు అనుకున్న రంగు పట్టీ వేసేవాళ్ళు. ఒక విడత పసుపు, ఒక విడత నీలం. రంగు లేని తాడు ఎక్కడ కనిపిస్తే అక్కడే ముక్కలు చేయాలి. పక్కన పడేస్తే చాలదు. పడేస్తే ఇంకెవడో తెలియక తీసుకుని దానికి వేలాడతాడు. అందుకని కోసేయడమే. ఆ పద్ధతి ఆయన నరాల్లోకి పోయింది. ఒకరోజు మా దండెం తాడు పీచులు లేచిందని చాకు తీసి కోసేశాడు. దాని మీద నేను అప్పుడే ఆరేసిన చీరలున్నాయి. మేడ మీది దుమ్ములో పడ్డ చీరలు చూసి నేను తిట్టిన తిట్లు మూడో వరస క్వార్టర్సు దాకా వినిపించాయట. మరునాడు ఇనుప తీగ తెచ్చి కట్టాడు, తప్పు ఒప్పుకోలేదు. ఇంకోసారి మా అన్న బావి దగ్గర చేదతాడు కోసేస్తే, ఆ పూట నీళ్ళు తోడుకోవడానికి పక్క చేనుకు పోవలసి వచ్చింది. ఆ తర్వాత బావ వస్తున్నాడంటే మా అన్న ముందు తాళ్ళన్నీ అటక మీద దాచేవాడు.

మా అన్న ఉండేది జాలహళ్ళికి అవతల, మా పుట్టినూళ్ళో. ఆయన చేనుకు ఎదురుగా పెద్ద గుండు ఉంది. ఊళ్ళో దానికి వేరే పేరు లేదు, గుండే. చుట్టుపక్కల గుట్టలన్నీ రాళ్ళు పేర్చినట్టు ఉంటే, ఇది మాత్రం ఒకే రాయి. వెనక వైపు వాలుగా ఉండి, మేకలు ఎక్కి పోతాయి. ముందు వైపు నిట్టనిలువు. ఎంత పైకి చూస్తే అంత మెడ నొప్పి. సగం ఎత్తుకు పైన ఒక అరుగులాంటి చోటు, ఆ అరుగు మీద ఒక మేడి చెట్టు. ఎండాకాలం మా చేన్లో గడ్డిపరక కూడా మాడిపోయేది, ఆ చెట్టు మాత్రం పచ్చగా ఉండేది. రాతి మధ్యలో దానికి నీళ్ళు ఎక్కడివి? చిన్నప్పుడు మేకలు కాసే రోజుల నుంచి నాకు అదే ధ్యాస. ఒకసారి పావడా ఎగ్గట్టి పగులు పట్టుకుని నా ఎత్తుకు రెండింతలు ఎక్కాను. కింద మా అమ్మ సజ్జ కట్టె పట్టుకుని నిలబడింది. దిగాక ఏం జరిగిందో చెప్పనక్కరలేదు.

ప్లాంటు వచ్చి, రోడ్లు పడి, బస్సులు తిరగడం మొదలైన తర్వాత గుండు కోసం బెంగుళూరు నుంచి మనుషులు రావడం మొదలుపెట్టారు. వీపున సంచులు, నడుముకు గలగలలాడే ఇనుప సామాను. ఊరివాళ్ళు ముందు బంగారం వెతికేవాళ్ళనుకున్నారు. గనులు ఎంతో దూరం లేవు కదా, ఇక్కడా పడిందేమోనని కొందరు ఆశపడ్డారు కూడా. తీరా చూస్తే వాళ్ళు వెనక నుంచి పోకుండా, ముందు గోడ మీద బల్లుల్లా ఎక్కుతున్నారు. ఎక్కి ఏం చేస్తారంటే, దిగుతారు. ఊరంతా ఒక వారం నవ్వుకుంది.

ఆ వచ్చేవాళ్ళలో ఒక అక్కాతమ్ముళ్ళు చలికాలం వస్తే చాలు మా అన్న కొట్టంలో దిగేవాళ్ళు. అక్కకు నా వయసే ఉంటుంది, బ్యాంకులో ఉద్యోగం. ముందు ఎక్కేది ఆమే. తమ్ముడు మాట తక్కువ, తిండి ఎక్కువ. మా వదిన జొన్నరొట్టె చేస్తూ ఉంటే పొయ్యి దగ్గరే కూర్చునేవాడు. అక్క నాతో కన్నడంలో మాట్లాడేది, నేను సగం కన్నడం సగం తెలుగు కలిపి కొట్టేదాన్ని. మేడి చెట్టు సంగతి అడిగితే, "నీరు ఎక్కడి నుంచో నేను చెప్పను, వచ్చి చూడు అక్కా" అంది. ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు.

మా ఆయనకు మాత్రం వాళ్ళంటే గిట్టదు. "జీతం లేకుంట పైకి పోయేటోళ్ళను ఈడనే సూస్తున్న" అనేవాడు. నాకు ఒక్కసారి ఆ అరుగు దాకా పోవాలని ఉందని ఒకరోజు అన్నం పెడుతూ చెప్పాను. ముద్ద చేతిలోనే ఆగింది.

"ఇంట్ల ఒకలు ఎక్కుతున్నరు, సాలదా?" అన్నాడు.

అంతకన్నా ఎక్కువ అనలేదు. నేనూ గట్టిగా వాదించలేదు. వాదించి గెలవడం నాకు కొత్త కాదు, కానీ అడిగి పోవడం కన్నా పోయి చెప్పడం సులువని నాకు ముందే తెలుసు.

ఆ శనివారం నేను బస్సెక్కి అన్న ఇంటికి పోయాను. ఆయనకు ప్లాంటులో మిషన్లు విప్పి బాగుచేసే ఓవర్‌హాలు పని, ఆదివారం చీకటి పడే వేళకు మోటారు సైకిలు మీద వస్తానన్నాడు. ఆదివారం తెల్లారగానే ఆయన పాత ఖాకీ ప్యాంటూ చొక్కా వేసుకున్నాను. అవి నా సంచిలో ముందే పెట్టుకున్నాను. నన్ను చూసి మా వదిన గడప దగ్గరే కూలబడి నవ్వింది. రొట్టెలు, శేంగల పొడి, అదే పల్లీల పొడి, మూటకట్టి ఇస్తూ, "పడితే మా ఇంటిమీదికి రాకు" అంది.

ముందు రోజే ఆ అక్కాతమ్ముళ్ళు అరుగు దాకా ఎక్కి, రాతిలో దిగ్గొట్టిన ఇనుప ఉంగరంలోంచి ఒక పొడవాటి తాడు దూర్చి, రెండు కొసలూ నేల దాకా వదిలిపెట్టారు. అది దిగడానికి. దిగాక ఒక కొస పట్టి లాగితే మొత్తం తాడు చేతికొచ్చేస్తుంది. ఎక్కే దారి వేరు. ఎడమ వైపు నుంచి ఒక వాలు పగులు వెంట పోయి, తర్వాత గోడకు అంటుకుని అడ్డంగా నడిచి అరుగు చేరాలి. ముందు అక్క పోయింది. వెనక నన్ను తాడుకు కట్టుకుని రమ్మన్నారు. చెప్పులు విప్పేశాను. ఆ రాయి మీద నా కాళ్ళు చిన్నప్పటివే. వాలు పగులులో మడమ ఇరికించి లేవడం అస్సలు మరిచిపోలేదు. అడ్డంగా నడిచే చోట మాత్రం చిన్నప్పటి విద్య పనిచేయలేదు. చేతికి పట్టు లేదు, కాలి కింద వేలెడంత అంచు. అయినా పోయాను. అరుగు మీద కూర్చున్నప్పుడు నాకు కలిగిన గర్వం ఇప్పటికీ దాచుకోను. ఊళ్ళో పుట్టినవాళ్ళలో అక్కడ కూర్చున్న మొదటి మనిషిని నేనే.

చెట్టు వెనక చిన్న గుహలాంటి బొరియ ఉంది. లోపల రాతి పగుళ్ళ నుంచి చెమ్మ ఊరుతోంది. ఎప్పటి వాననో ఆ రాయి లోపల దాచుకుని చెట్టుకు కొంచెం కొంచెంగా పెడుతోంది. చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. ముగ్గురం ఆ నీడలో కూర్చుని రొట్టె తిన్నాం. తిని, ఆ పొడవాటి తాడు మీద దిగిపోవాలని మా లెక్క.

తింటుండగా బయట సర్రుమని చప్పుడైంది. తొండ అనుకున్నాను. తమ్ముడు నీళ్ళ సీసా మూత పెట్టుకుంటూ బయటికి పోయి, మళ్ళీ లోపలికి వచ్చి నిలబడ్డాడు. "హగ్గ ఇల్ల" అన్నాడు. తాడు లేదని.

ముగ్గురం అంచు దాకా పాకి కిందికి చూశాం. గోడ మొదట్లో ఒక రాయి మీద ఖాకీ చొక్కా మనిషి కూర్చుని, ఒడిలో తాడు పెట్టుకుని, చాకుతో మూరెడు మూరెడు ముక్కలు కోసి పక్కన కుప్ప వేస్తున్నాడు. ఆ కూర్చున్న తీరు నేను గుర్తుపట్టకపోతే ఇంకెవరు గుర్తుపడతారు? పని తొందరగా అయిపోయి ముందే వచ్చినట్టున్నాడు. గుండు దిక్కు పోయిందని మా వదిన చెప్పి ఉంటుంది.

"ఇగో," అని అరిచాను, "ఏం జేస్తున్నవ్?"

ఆయన తల ఎత్తలేదు. నా గొంతు ఏ చెట్టు చాటు నుంచో వస్తోందనుకున్నాడు. "రంగు లేదు," అన్నాడు కోస్తూనే. "పైన కట్టి కూడ లేదు. గిట్ల గుంజితే వచ్చింది. పోరగాండ్లు యాలాడితే సస్తరు."

"అది మేం దిగే తాడు."

చాకు ఆగింది. "మేమంటే ఎవలు? నువ్వు యాడున్నవ్?"

"అరుగు మీద."

"యా అరుగు?"

"నువ్వు ఇప్పుడు కోసిన తాడు యాడికెల్లి వచ్చిందో, ఆ అరుగు."

అప్పుడు తల ఎత్తాడు. ఎండ కళ్ళల్లో పడుతున్నా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. చాలాసేపు అలా చూసి, "అది నా చొక్కానా?" అన్నాడు.

"నీదే."

ఆయన చేతిలోంచి చాకు రాయి మీద పడి టంగుమంది. నాకు మండుకొచ్చింది. ఆరేసిన చీరలు, చేదతాడు, ఇప్పుడు ఇది. నోటికొచ్చినన్ని అన్నాను. ఆయన కోసిన ముక్కల కుప్ప వైపు చూస్తూ నిలబడ్డాడు. అలా నిలబడ్డ మనిషిని ఎంతసేపని తిడతాం, నేనే ఆపేశాను.

అక్క మాత్రం తొణకలేదు. మమ్మల్ని కూర్చోబెట్టి విషయం చెప్పింది. మిగిలింది ఎక్కే తాడు ఒక్కటే. అది ఒంటిపేటగా వదిలినా నేలకు అందదు, మధ్యలో నిలబడ్డానికి చోటు లేదు. వచ్చిన దారిన వెనక్కి పోదామంటే అడ్డంగా నడవాలి, దిగేటప్పుడు అది ఇంకా కష్టం. అక్కడ జారితే తాడు ఆపుతుంది కానీ, ఊగిపోయి గోడకు కొట్టుకుంటాం. ఇక మిగిలింది పైకి పోవడం. అరుగు నుంచి కొన దాకా నిలువు పగులు ఉంది, నేల కన్నా కొన దగ్గర కాబట్టి ఈ తాడు సరిపోతుంది. కష్టమే. కానీ తాను ముందు పోయి పై నుంచి తాడు బిగించి పట్టుకుంటుంది కాబట్టి, జారినా జానెడు కిందికి వస్తానంతే. కొన చేరితే వెనక మేకల దారిన నడిచి దిగొచ్చు.

కింది నుంచి ఆయన అరిచాడు. "కదలకు. నేను ప్లాంటుకు పోయి తాడు తెస్త."

"ఆదివారం స్టోరు తాళం ఎవలు తీస్తరు? పోయి వచ్చేవరకు పొద్దు గూకుతది. నీళ్ళు కూడ అయిపోయినయి. నేను పైకి పోతున్న. నువ్వు ఎనక దారిల ఎక్కి రా."

వద్దంటాడనుకున్నాను. అనలేదు. అక్కను ఉద్దేశించి కన్నడంలో అడిగాడు, పైన తాడు ఎవరు పట్టుకుంటారని. నేనే అణ్ణా, అంది ఆమె. చేతితోనా, నడుముకా? నడుముకు, నన్ను నేను రాతికి కట్టుకున్నాక. ఆమె చెప్పిన ప్రతి మాటకూ తల ఊపాడు. తర్వాత "సరే" అన్నాడు. మా ఆయన నోటి నుంచి నాకు దొరికిన అనుమతి అదొక్కటే.

ఆమె పోయింది. తాడు కొంచెం కొంచెంగా పైకి పాకుతూ ఉంటే తమ్ముడు వదులుతున్నాడు. ఎంతసేపటికో పై నుంచి రమ్మని కేక వినపడింది. నేను లేచాను. పగులులో చెయ్యి నిలువుగా దూర్చి లోపల పిడికిలి బిగిస్తే, చెయ్యి ఇరుక్కుని పట్టు దొరుకుతుంది. చెయ్యి చెక్కుకుపోతుంది కూడా. కాలు అడ్డంగా దూర్చి తిప్పితే నిలబడుతుంది. రాయి పెనంలా కాలుతోంది. మోకాలి దగ్గర ఖాకీ చిరిగింది. నాకు భయం కన్నా మొండితనం ఎక్కువైంది. నన్ను కన్న ఊరి రాయి నన్ను తోసేస్తుందా, చూద్దాం అనుకున్నాను.

సగానికి వచ్చాక పగులు సన్నబడింది. కాలు సరిగ్గా దూరలేదు, అయినా బరువు మోపాను. జారింది. నడుము దగ్గర తాడు బిగిసి, ఆమె చెప్పినట్టు జానెడు కిందికి వచ్చి ఆగాను. చెంప రాతికి ఒరుసుకుంది. అప్పుడు కిందికి చూశాను, చూడకూడదని తెలిసీ.

ఆయన వెనక దారిన పోలేదు. ఆ రాయి పక్కనే నిలబడి ఉన్నాడు. అంత దూరం నుంచి మొహం కనపడలేదు కానీ, తల పూర్తిగా వెనక్కి వాల్చి ఉన్నట్టు తెలుస్తోంది. నేను వేలాడుతూ ఉండగా నాకు నా ప్రాణం మీద కన్నా ఆ మెడ మీద జాలి వేసింది. "అటు తిరుగు," అని అరిచాను. "ఇటు సూడకు."

తిరగలేదు. నేను మళ్ళీ పిడికిలి దూర్చి, మళ్ళీ కాలు ఇరికించి, ఈసారి సరిగ్గా తిప్పి లేచాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా జారలేదు.

కొన మీదికి వచ్చి బోర్లా పడుకున్నాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి నవ్వింది. లేచి చూస్తే కాలువ నీళ్ళ కోసం వలస రైతులు దిగిన క్యాంపుల వైపు అంతా పచ్చగా ఉంది, మా వైపు జొన్న మోళ్ళు. మా అన్న చేను అరచేతంత ఉంది. ప్లాంటు చిమ్నీలు కనపడతాయేమోనని వెతికాను. అంత దూరం కనపడవు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. వెనకే తమ్ముడు కూడా వచ్చేశాడు, వచ్చి రొట్టెలు మిగిలాయా అని అడిగాడు.

మా ఆయన మేకల దారిన వచ్చేసరికి చాలాసేపు పట్టింది. నేను అంచు దాటి కనపడకుండా పోయాకే అక్కడి నుంచి కదిలాడట. చొక్కా మొత్తం తడిసి ఉంది. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నా నడుము దగ్గర ముడిని వేళ్ళతో తడిమి చూశాడు. అలవాటు. "ముడి మంచిగుంది" అన్నాడు. విప్పబోయాడు, రాలేదు. చిమ్నీ కొన మీద గాలికి నిలబడి బోల్టులు బిగించే చేతులవి. ఒక ముడి వాటికి లొంగలేదు. నేను ఆయన చేతులు పక్కకు జరిపి నేనే విప్పుకున్నాను.

ఆయన పక్కకు జరిగి కూర్చున్నాడు. అక్కాతమ్ముళ్ళు సామాను సర్దుకుంటూ అటు పోయారు. వాళ్ళకు కొత్త తాడు కొనిస్తానని ఆయన అప్పటికే చెప్పాడు. ఇచ్చాడు కూడా, రెండు కొసలకూ ఆ విడత రంగు వేసి మరీ. ఆ సమయంలో మాత్రం ఆయన తల వంచుకుని రాయి మీద వేలితో గీస్తున్నాడు.

"నాకు శాన భయమైంది," అన్నాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆ మాట ఆయన నోట వినలేదు నేను. గీస్తూనే అడిగాడు, "ఇన్నేండ్లు నువ్వెట్ల ఉంటివే?"

ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న. "చిమ్నీ దిక్కు సూసేదాన్ని కాదు," అన్నాను. "మేం ఎవలం సూడం."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నాతోని కాలె. కండ్లు తిప్పితే నువ్వు పడిపోతవేమో అనిపించింది."

లేచి ఇద్దరం మేకల దారిన దిగాం. దారిలో చిరిగిన ప్యాంటు ఎవరు కుడతారని కొంచెం పోట్లాడుకున్నాం.

తర్వాత చిమ్నీ పని పడిన రోజు పొద్దున ఆయన డబ్బా పట్టుకుని పోయాడు. నేను ఎప్పటిలాగే బట్టలు పిండి మేడ మీదికి తెచ్చాను. తీగకు ఇటువైపు కాకుండా అటువైపు పోయి నిలబడ్డాను. ఒక్కో బట్ట దులిపి వేస్తూ, పైకి చూస్తూ ఉన్నాను. ఎర్ర దీపాల దగ్గర చీమంత మనిషి కదులుతున్నాడు. పక్కింటామె వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"అటు సూడకు, బూడిద కంట్ల పడుతది" అంది.

"పడనీ" అన్నాను.